పిండి చేతుల పేటెంటు

లిమరిక్,
జనవరి 12, 2026.

శత్రుపక్షపు వదినగారికి,

ఆడబిడ్డ సుధేష్ణ నమస్కారాలు. ఉత్తరం చూసి గుండెలు బాదుకోకు. ఎవరికీ ఏమీ కాలేదు. నా ఫోను కూడా బాగానే ఉంది, కాకపోతే అందులో ఉన్నదంతా ఇప్పుడు లాయర్ల దగ్గర కూడా ఉంది. పొద్దున ఇద్దరు వచ్చి మా టీము ఫోన్లన్నీ పట్టుకెళ్ళారు. మెసేజీలన్నీ కాపీ తీసుకుని మధ్యాహ్నం తిరిగిచ్చారు. మీ తోర్విన్ వాళ్ళు మా మెలాక్ మీద వేసిన కేసు పుణ్యం.

తర్వాత ఒక ఫారం నింపమన్నారు. 'తోర్విన్‌లో మీకు తెలిసినవాళ్ళు ఉన్నారా?' ఉన్నారన్నాను. 'ఎవరు?' పేటెంటు మీద పేరున్నావిడే అని రాశాను. 'మీకేమవుతారు?' మా అన్నయ్య భార్య అని రాశాను. ఆ లాయరు పిల్ల చదివింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ చదివింది. నన్ను ఈ పని నుంచి తీసేద్దామంది గానీ మా టీములో ఉన్నదే ముగ్గురం. చివరికి కేసు గురించి నీతో ఒక్క మాట కూడా మాట్లాడనని నా చేత సంతకం పెట్టించుకుని వదిలేశారు.

ఇంటి సంగతులు మాట్లాడుకోవచ్చట. కానీ ఆ మెసేజీలూ కాపీ తీస్తారట. నువ్వు వాయిస్ మెసేజీల్లో మీ అత్తగారిని, అనగా మా అమ్మని, అనే మాటలన్నీ హైకోర్టు జడ్జిగారు వినడం నాకు ఇష్టం లేదు. అందుకే ఈ కాగితం. కాగితాల సంగతి ఆ ఫారంలో ఎక్కడా లేదు. చూశావా నా తెలివి!

కేసు ఊసెత్తకూడదు గానీ ఒక్కసారి చెప్పుకుంటే కడుపుబ్బరం తగ్గుతుంది. చెయ్యి తడిగా ఉన్నా, పిండి అంటుకున్నా ఫోను మాట వినాలి, వాన చుక్క పడితే మాత్రం వినకూడదు. అది నువ్వు కనిపెట్టింది. మా ఫోన్లలోనూ అదే ఉంది. లైసెన్సు తీసుకుని డబ్బు కట్టండని మీవాళ్ళు. అసలది కొత్తదే కాదు, పేటెంటే చెల్లదని మావాళ్ళు. మీరు దరఖాస్తు పెట్టకముందే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఇదే సంగతి పదిమందికీ చెప్పేశారని చూపిస్తే చాలు, నీ పేటెంటు గోవిందా. ఆ 'ఎవరో ఒకరి'ని వెతికి పట్టుకునే ఉద్యోగం ఎవరిదనుకున్నావు? ఇంకెవరిది, నాదే.

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు పెద్దలు. కాచుకో.

నీ
సుధ


ఆడమ్స్‌టౌన్,
జనవరి 20.

అర్ధమొగుడు గారికి,

పూర్తి మొగుడితో వేగలేకే నేను చస్తుంటే మధ్యలో నువ్వొకదానివి. నీ ఉత్తరం మీ అన్నయ్యే ముందు చింపి చదివాడు. తేజేశ్వర్ గారి నోట్లో నువ్వుగింజ నానదు కదా, సాయంత్రానికి మా వీధిలో నాలుగిళ్ళకి తెలిసింది, ఆడబిడ్డా వదినా కోర్టుకెక్కారని. ధరణి అయితే కవరు చేతిలో తిప్పి తిప్పి చూసి, "మామ్, అత్త కుడ్ జస్ట్ టెక్స్ట్ యూ, లైక్" అంది. ఎనిమిదేళ్ళు వచ్చాయి, స్టాంపు అంటించిన కవరు చూడటం దానికి ఇదే మొదలు.

నా పేటెంటు గోవిందా అంటావా? వెతుక్కో తల్లీ, వెతుక్కో. జపాను వెతుకు, జర్మనీ వెతుకు. ఎక్కడా దొరకదు. మినప్పిండి గిన్నెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉండగా మా అమ్మ ఫోను చేస్తే, ఎత్తలేక, ముక్కుతో నొక్కబోయి, ఆ మంట మీద పుట్టిన ఐడియా అది. జర్మనీ వాడికి మినప్పిండి ఎక్కడిది?

నువ్వు ఊసెత్తావు కాబట్టి నేనూ ఒక్క ముక్క చెబుతాను. మార్చి 24న లాయరు ముందు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. '2022 జూన్ 14న దరఖాస్తు పెట్టేదాకా ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు' అని. కేసంతా దాని మీదే నిలబడుతుందట. కళ్ళు మూసుకుని పెడతాను. అది అయ్యాక ప్రిన్సిపల్ ఇంజనీరుని చేస్తామన్నారు.

నవ్వకు గానీ, సుధా, నాకిది కావాలి. పదకొండేళ్ళ నుంచి క్లాండాల్కిన్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మీటింగులో నేను చెప్పిన మాట పక్కవాడు మళ్ళీ చెబితే గానీ ఎవరి చెవికీ ఎక్కదు. అది నా మాటేనని చెప్పే కాగితం ప్రపంచంలో ఈ ఒక్కటే. కాబట్టి నువ్వు బుద్ధిగా ఏమీ దొరకలేదని రాసిచ్చి, శనివారం రైలెక్కి వచ్చి నా చేతి అట్లు తిని పో.

వదిన
కోటేశ్వరి


లిమరిక్,
ఫిబ్రవరి 1.

వదినా,

అట్లకి రాలేను, ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఒళ్ళు కూడా బాగోలేదు. జలుబే, కంగారుపడకు. కాజిల్‌ట్రాయ్‌లో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి వాన నాలుగు వైపుల నుంచీ కొట్టింది. గొడుగు అటు తిరిగి పోయింది, నేను ఇటు వచ్చాను.

నీతో ఒక పని పడింది. 2022 ఉగాదికి మన తెలుగువాళ్ళ సంఘం తరఫున సంచిక వేశాం చూడు, శుభకృత్ నామ సంవత్సరానిది. పసుపు అట్ట. అప్పుడు నేను ఎమ్మెస్ చదువుతూ దానికి సంపాదకురాలిని. అందులో ఇరవై మూడో పేజీలో రోజీ ఆంటీ రాసిన చేపల పులుసు ఉంది. అది నాకు కావాలి. నీ దగ్గరున్న సంచిక తీసి, చూసి, నీ చేత్తో రాసి పంపు. నోటికొచ్చింది రాసి పంపకు. పుస్తకం తీసి చూడాలి.

దానికి ముందు పేజీలు కూడా బాగానే ఉంటాయి. నువ్వూ ఏదో రాశావు గుర్తుందా? రెండు పేజీలు ఖాళీ ఉండిపోయాయని, ప్రెస్సువాడు అరుస్తున్నాడని నేను ఫోనులో ఏడిస్తే ఆదివారం పూట కూర్చుని రాసిచ్చావు. ఊరికే గుర్తొచ్చింది.

పులుసు తొందరగా పంపు. మార్చి లోపల కావాలి.

సుధ


ఆడమ్స్‌టౌన్,
ఫిబ్రవరి 9.

ఓసి నీ అసాధ్యం కూలా!

నూడుల్సు మాడబెట్టి పొగ అలారం మోగించి, అగ్నిమాపకం వాళ్ళ చేత చివాట్లు తిన్న పిల్లవి, నీకు చేపల పులుసా? మాకు తెలియదనుకున్నావా? ఎవరా అబ్బాయి? గోదావరి జిల్లా వాడేనా? చేపంటే ప్రాణం పెట్టేవాడంటే అటువైపు వాడే అయ్యుంటాడు. మీ అన్నయ్యకి చెప్పాను. ఆయన అప్పుడే లిమరిక్ ఆసుపత్రిలో తెలుగు డాక్టర్లెంతమందో ఆరా తీస్తున్నాడు. 'మార్చి లోపల కావాలి' అంటే మార్చిలో భోజనానికి పిలిచావన్నమాట. హవ్వ!

పులుసు ఎలా చెయ్యాలో వెనకాల కాగితం మీద రాశాను. సంచిక తియ్యలేదు. అది మెట్ల కింద ప్రెస్‌లో, అదే ఇక్కడివాళ్ళ అలమరలో, అడుగున ఉంది. దాని పైన ధరణి చిన్నప్పటి బట్టలు, వాటి పైన టెంటు, టెంటు పైన మీ అన్నయ్య కొని ఒక్కసారి కూడా తొక్కని కసరత్తు సైకిలు. రోజీ ఆంటీ పులుసు నేను నలభై సార్లు తిన్నాను, నాకు పుస్తకం దేనికి? ఇక నేను రాసిన వ్యాసం అంటావా, ఏం రాశానో దేవుడికే తెలియాలి. ఆడవాళ్ళూ ఉద్యోగాలూ అని ఏదో సొద అయ్యుంటుంది. నీ పేజీలు నిండాయి, అంతే.

ఇక్కడ లాయరమ్మ వారానికోసారి పిలుస్తోంది. ప్రశ్న మీద ప్రశ్న. "మీ ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికైనా చెప్పారా?" లేదమ్మా. "స్నేహితులకి?" లేదు. "ఎక్కడైనా రాశారా?" లేదు లేదు. గుక్క తిప్పుకోకుండా చెబుతున్నానని మెచ్చుకుంది. మీలాంటి సాక్షి దొరకడం అదృష్టమంది.

అబ్బాయి ఫొటో పంపు.

వదిన


లిమరిక్,
ఫిబ్రవరి 18.

వదినా,

అబ్బాయీ లేడు, గుబ్బాయీ లేడు. అన్నయ్యని ఆసుపత్రికి ఫోన్లు చెయ్యడం ఆపమను. నిన్న ఒక ఎముకల డాక్టరు నాకు ఫోను చేసి, నాకు పెళ్ళయిందండీ అని క్షమాపణ చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నీ పులుసు తప్పు. నువ్వు రాసిన దాంట్లో మెంతులు లేవు. అయినా ఆ పులుసు బాగుందా లేదా అన్నది కాదు నాకు. ఇరవై మూడో పేజీలో ఉన్నది ఉన్నట్టుగా కావాలి. ఇరవై మూడుకి పోవాలంటే ఇరవై ఒకటీ ఇరవై రెండూ దాటే కదా పోవాలి? ఆ దారినే పో. తొందరేం లేదు, ఆగి ఆగి చదువుకుంటూ పో.

నీ మీద ఒట్టు, ఇంతకన్నా నేను రాయలేను. ఇంకెవరైనా అయితే ఇంత కూడా రాయను. మా మేనేజరు డెక్లన్ ప్రతి శుక్రవారం వచ్చి, "ఏమైనా దొరికిందా?" అని అడుగుతాడు. చెడ్డవాడు కాదు, బూడిద గుమ్మడికాయలా గుండ్రంగా ఉంటాడు, నా బల్ల మీద చాక్లెట్టు పెట్టి పోతాడు. ఇంకా వెతుకుతున్నానని చెబుతున్నాను. మూడు శుక్రవారాల నుంచి అబద్ధం చెబుతున్నాను. ఎందుకని అడగకు.

సైకిలు తీయించు. టెంటు తీయించు. నీకు దణ్ణం పెడతాను, ఆ ప్రెస్ ఖాళీ చేసి ఆ పుస్తకం తియ్యి.

సుధ


ఆడమ్స్‌టౌన్,
ఫిబ్రవరి 27.

సుధేష్ణకి,

తీశాను.

ఇరవై ఒకటి, ఇరవై రెండు పేజీలు. 'పిండి చేతికి పలికే ఫోను.' రచన: కోటేశ్వరి. ఫొటో కూడా వేశావు. మొదటి వాక్యమే సామెత. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు. ఆ తర్వాత అంతా అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పాను. చుక్క ఎప్పుడూ పల్లానికే జారుతుంది, వేలు ఎటైనా పోతుంది, కాబట్టి ఫోను ముందు తనకి పల్లం ఎటో తెలుసుకోవాలి, పల్లానికి పోయేదాన్ని వదిలెయ్యాలి, మిగతాదాని మాట వినాలి. మీ అన్నయ్య గీసిన బొమ్మ కూడా ఉంది. పేటెంటులో ఉన్నది మొత్తం ఇదే. ఇంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ లేదు.

2022 ఏప్రిల్ 2. లూకన్ స్కూలు హాల్లో నూటయాభై కాపీలు నా చేత్తోనే పంచాను. పంచి, పదివారాల తర్వాత పోయి దరఖాస్తు పెట్టాను. అప్పుడు ధరణికి నాలుగేళ్ళు, ఇంట్లో అందరికీ కరోనా, ఆఫీసులో గడువు. ఏం రాశానో, ఎప్పుడు రాశానో, అసలు రాశానన్న సంగతే మనసులో లేదు. నువ్వు ఏడిస్తే రాశాను. నీ ఏడుపు ఆపడానికి రాశాను.

ఎందుకు గుర్తు చేశావే? నువ్వు నోరు మూసుకుని ఉంటే నేను తెలియక సంతకం పెట్టేదాన్ని. తెలియక పెడితే పాపం కాదు కదా. ఇప్పుడు ముందు నుయ్యి వెనక గొయ్యి.

మీ అన్నయ్య అంటాడు, ఆ సంచికలు ఎవరింట్లో ఉన్నాయి, ఎప్పుడో ఆకుపచ్చ చెత్త బిన్నులో పోయుంటాయని. ఉన్నా ఎవరు చదువుతారు? లాయర్లకి తెలుగు రాదు. జడ్జికి రాదు. మీ ఆఫీసులో తెలుగు వచ్చినదానివి నువ్వొక్కదానివే. సుధా, నువ్వు మాట్లాడకపోతే చాలు. నేనింతవరకూ నిన్నేమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

కోటేశ్వరి


లిమరిక్,
మార్చి 4.

వదినా,

నీ ఉత్తరం చదివి ఆఫీసుకి సెలవు పెట్టాను. రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను, రెండోదాంట్లో నన్ను తిట్టుకున్నాను.

ఈ కవరులో ఇంకొకటి ఉంది చూశావు కదా, పసుపు అట్టది. అది నా కాపీ. జనవరి ఆఖర్లో పాత పెట్టె సర్దుతుంటే దొరికింది. ఇరవై ఒకటో పేజీ తెరిచి, పెట్టె పక్కనే నేల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. ఆరోజే తీసుకెళ్ళి డెక్లన్ బల్ల మీద పెట్టి ఉంటే ఈపాటికి నా ఉద్యోగం పర్మనెంటు అయ్యేది. కాంట్రాక్టు మేలో అయిపోతుంది, నీకు తెలుసు. పెట్టలేకపోయాను. నీ ఫొటో ఉంది ఆ పేజీలో. ఆ పట్టుచీర నేను కట్టుకొమ్మన్నదే.

ఎందుకు గుర్తు చేశావంటావు. నువ్వే రాశావు కదా, ఎక్కడా రాయలేదని ప్రమాణం చేస్తానని. రేపు కోర్టులో ఎవరో ఒకరు ఇంకో కాపీ పైకి తీస్తే? నూటయాభై ఇళ్ళలో ఒక్కింటి ప్రెస్‌లోనైనా టెంటు కింద ఉండదా? అప్పుడు పేటెంటు ఒక్కటే కాదు, నువ్వే అబద్ధాలకోరువి అవుతావు. అందరి ముందూ. ధరణి ముందూ. నేనది చూడలేను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. నేను ఎవరికీ ఇవ్వను. ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు కూడా. నీ దగ్గర రెండున్నాయి. చింపుతావో, చూపిస్తావో నీ ఇష్టం. కాల్చకు మాత్రం, మీ ఇంట్లో పొగ అలారం నాదానికన్నా గట్టిగా మోగుతుంది.

నువ్వు నా మీద అలిగినా సరే, ఉత్తరాలు మానకు.

సుధ


ఆడమ్స్‌టౌన్,
మార్చి 11.

సుధా,

అలగడానికి కూడా ఓపిక ఉండాలి. వారం రోజులు నీతో మనసులో పోట్లాడాను. ప్రతిసారీ నువ్వే గెలిచావు. నా బుర్రలో కూడా నువ్వే గెలిస్తే ఇంక నేనెక్కడికి పోవాలి?

నిన్న ధరణి స్కూల్లో ఏదో పోటీకి బొమ్మ పట్టుకుపోవాలని, వాళ్ళ నాన్న సగం గీస్తే తనే గీశానని పేరు రాసుకుంది. నేను గట్టిగా తిట్టాను. నీది కానిది నీదని చెప్పకూడదే అని. అది కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "ఓకే మామ్, సారీ మామ్" అంటుంటే నేను టేబులు వైపు చూశాను. ఆ రెండు సంచికలూ అక్కడే ఉన్నాయి.

బుధవారం, 18న, లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. రెండూ ఆవిడ ముందు పెట్టేస్తాను. ప్రిన్సిపల్ ఇంజనీరూ లేదు, గినిపల్ ఇంజనీరూ లేదు. ఏడుపు వస్తోంది, రానీ.

ఒక్కటి మాత్రం ముందే నీతో అనుకోవాలి. నాకెలా గుర్తొచ్చిందని ఆవిడ అడుగుతుంది. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే దొరికిందని చెబుతాను. మెట్ల కింద ప్రెస్ దులిపిన మాట నిజమే కదా. నీ పేరు రాదు. నీకు జనవరి నుంచీ తెలుసని మీవాళ్ళకి తెలిస్తే నిన్ను మే దాకా కూడా ఉంచరు. ఇంత చేసినదానివి, నీ ఉద్యోగం నా మూలంగా పోకూడదు. ఈ చిన్న అబద్ధం దేవుడు లెక్క పెట్టడు. సరేనను.

వదిన


లిమరిక్,
మార్చి 14.

మా గొప్ప వదినకి,

సరే అనను. పెద్ద అబద్ధం మాన్పించడానికి చేపల పులుసు దాకా వెళ్ళినదాన్ని, నీ చేత చిన్నది ఆడిస్తానా?

పైగా ఆలస్యం చేశావు. నీ ఉత్తరం గురువారం వచ్చింది. నిన్న శుక్రవారం. డెక్లన్ చాక్లెట్టు పట్టుకుని వచ్చి "ఏమైనా దొరికిందా?" అన్నాడు. దొరికింది, ఎప్పుడో దొరికింది, ఇన్ని వారాలూ మీకు అబద్ధం చెప్పానని చెప్పాను. ఏమిటది అన్నాడు. కనిపెట్టినావిడ బుధవారం తనంతట తనే బయటపెడుతోంది, అప్పటిదాకా నన్ను అడగకండి అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, నా చాక్లెట్టు తనే విప్పి తినేశాడు. పాపం, ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

సాయంత్రం లాయరు పిల్ల ఫోను చేసింది. సంతకం పెట్టి మాట తప్పావంది. తప్పానన్నాను. సోమవారం నుంచి రావద్దన్నారు. జీతం మాత్రం మే దాకా ఇస్తారట. డెక్లన్ గుమ్మం దాకా వచ్చి, "యూ వర్ గ్రాండ్ అట్ దిస్" అని చెయ్యి కలిపాడు. అక్కడ ఏడవలేదు. బస్సులో ఏడ్చాను. పక్కన కూర్చున్న ముసలాయన వాన గురించి మాట్లాడి నన్ను ఓదార్చాడు.

భయంగా ఉంది వదినా, లేదని చెప్పను. వీసా గొడవ లేదు, అంతవరకు నయం. ఉద్యోగం ఎక్కడో దొరుకుతుంది. కానీ ఇందులో ఒక్క తప్పు మాత్రం నాదే, నీకు చెప్పుకోవాలి. ఆరోజు రెండు పేజీలు ఖాళీగా వదిలేసినా ఏమీ అయ్యేది కాదు. ఎవరూ చూసేవాళ్ళు కాదు. నా సంచిక నిండుగా కనిపించాలని నీకున్న ఒకేఒక్క మంచి ఐడియాని ఉగాది పచ్చడితో పాటు పంచిపెట్టేశాను. నన్ను క్షమించు.

ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా పేరు చెప్పు.

సుధ


ఆడమ్స్‌టౌన్,
మార్చి 25.

సుధా,

'ఒకేఒక్క మంచి ఐడియా' నా? ఎంత మాటన్నావే! ఉద్యోగం పోయినా నాలుక పోలేదు నీకు.

బుధవారం వెళ్ళాను. రెండు సంచికలూ లాయరమ్మ బల్ల మీద పెట్టాను. ఆవిడ తిరగేసి, ఏ భాష అని అడిగి, ఎన్ని పంచారని అడిగి, కూర్చోండి, ఇంగ్లీషులో చదివి చెప్పండంది. చదువుతూ పోయాను. సగంలో ఆవిడ కలం పక్కన పెట్టేసింది. "చాలా వివరంగా రాశారు" అంది, ఆసుపత్రిలో రిపోర్టు చెప్పేవాళ్ళ గొంతుతో. ఎలా గుర్తొచ్చిందంటే నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. మా ఆడబిడ్డ చేపల పులుసు అడిగిందండీ అన్నాను. ఆ పులుసు సంగతి వివరించేసరికి అరగంట పట్టింది.

ఇంకో కబురు. కాగితాల సంగతి ఫారంలో లేదని మురిశావు చూడు, ఉందట. చేత్తో రాసినా, టైపు చేసినా కాగితం కాగితమేనట. నువ్వు నాకు రాసిన ఉత్తరాలన్నీ లాయరమ్మ పట్టుకుపోయింది. నావి నీ దగ్గర నుంచి మీవాళ్ళు తీసుకున్నారు కదా, అలాగే. అన్నీ ఇప్పుడు కార్క్‌లో ఒక తెలుగాయన దగ్గర ఇంగ్లీషులోకి మారుతున్నాయి. మీ మేనేజరు బూడిద గుమ్మడికాయ అన్నది, నేను నిన్ను అసాధ్యం కూలా అన్నది, ఎముకల డాక్టరు సంగతి, అన్నీ. ఇది కూడా ఆయన చేతికే పోతుందేమో. అయ్యా, మీరెవరో గానీ, ఇంతవరకూ ఓపిగ్గా చదివారు, ఈ పక్కకి వస్తే భోజనానికి రండి.

తోర్విన్ కేసు వెనక్కి తీసుకుంటోంది. పేటెంటు వదిలేస్తున్నారు. రెండు కంపెనీలూ కూర్చుని మాట్లాడుకుంటాయట, ఇంక కొట్టుకోవడానికి వాళ్ళకి వేరే పేటెంట్లు చాలా ఉన్నాయి. నా పదవి పోయింది. ఉద్యోగం ఉంది. మా బాసు ఒకరోజంతా నావైపు చూడలేదు, రెండోరోజు వచ్చి, నువ్వు చెప్పకపోయి ఉంటే కంపెనీకి ఇంకా పెద్ద దెబ్బ తగిలేదన్నాడు. మెచ్చుకోవడమో తిట్టడమో తెలియలేదు. ఇంటికొచ్చి రెండురోజులు ఏడ్చాను. ఉగాది రోజు కూడా ఏడ్చాను. పరాభవ నామ సంవత్సరమని పంచాంగం వాడు ముందే చెప్పాడు, మనం వినలేదు.

నువ్వు పెట్టెలు సర్దుకో. శనివారం మీ అన్నయ్య వ్యాను వేసుకుని వస్తున్నాడు. పై గది ఖాళీ చేశాం. ఉద్యోగం దొరికేదాకా ఇక్కడే ఉండు, దొరికినా ఇక్కడే ఉండు. మొహమాటపడ్డావంటే కాళ్ళు విరగ్గొడతాను. ధరణి ఆ గది తలుపు మీద నీకు బోర్డు రాసి పెట్టింది.

ఇక నిన్నటి సంగతి. కేసు వెనక్కి తీసుకోవాలన్నా జరిగింది జరిగినట్టు కోర్టుకి ప్రమాణం మీద చెప్పాలట. లాయరమ్మ ఆరు పేరాలు రాసి తెచ్చింది. ఏ రోజు రాశాను, ఎవరికి పంచాను, ఎప్పుడు దరఖాస్తు పెట్టాను, అన్నీ ఉన్నాయి. నేను ఏడోది చేర్చమన్నాను. చెబుతాను, రాసుకోండి అన్నాను. 'ఈ వ్యాసం సంగతి నాకు గుర్తు లేదు. గుర్తు చేసింది ఎదుటి కంపెనీలో పనిచేసే నా ఆడబిడ్డ సుధేష్ణ. తన కంపెనీకి ఇచ్చి పేరు తెచ్చుకోగలిగి ఉండీ ఇవ్వలేదు. నాతో అబద్ధపు ప్రమాణం చేయించకూడదని తన ఉద్యోగం వదులుకుంది.'

ఇది కోర్టుకి అవసరం లేదు, తీసేద్దామంది. అది తీసేస్తే మిగతా ఆరింటి కిందా సంతకం పెట్టనన్నాను. ఆవిడ మళ్ళీ కలం తీసి, సరేనంది.

ప్రమాణం చేయించే ఆయన వచ్చి, అంతా చదువుకున్నారా అన్నాడు. పైకి చదువుతానన్నాను. నిలబడి ఆరు పేరాలూ గడగడా చదివేశాను. ఏడో పేరా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను, నీ పేరు దగ్గర మళ్ళీ ఆగిపోయాను. చివరికి లాయరమ్మే నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివింది. నేను సంతకం పెట్టాను.

మీ వదిన
కోటేశ్వరి